పాత కన్సోల్ గేములు నిజంగానే బాగుంటాయా, లేక బాగున్నాయని నటిస్తున్నామా?

మీ ప్రశ్న చదివితే నవ్వొచ్చింది, కాస్త జాలీ వేసింది. మిగతావాళ్లకు అర్థం కావడానికి ముందు రెండు ముక్కల్లో చెప్తాను. మీరు చిన్నప్పుడు కన్సోల్ ముట్టుకోలేదు. ముప్పై దాటాక, అందరూ ఆహా ఓహో అంటున్నారని 1986 నాటి నింటెండో అడ్వెంచర్ గేమ్, మొదటి జెల్డా మొదలుపెట్టారు. ఆరు డంజన్లు (శత్రువులు, చిక్కుముళ్లు నిండిన నేలమాళిగలు) దాటారు, కానీ సగం గైడ్ చూసే, అంటే ఎక్కడ ఏం చేయాలో ఎవరో రాసిపెట్టింది చదివే. ఏడోదాంట్లో ఒక జీవి దారికడ్డంగా నిలబడి "గ్రంబుల్, గ్రంబుల్" అని గొణుగుతోంది. కత్తికి లొంగదు, పక్కకి తప్పుకోదు. నాకిది నిజంగా నచ్చుతోందా, నచ్చినట్టు నటిస్తున్నానా? గైడ్ చూడటం తప్పా? తర్వాత ఏం ఆడాలి? ఇవీ మీరు అడిగినవి.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఇవే ఆడుతున్నాను. వాటిలో చిన్నప్పటివి కొన్నే. చాలావాటిని మీలాగే పెద్దయ్యాకే మొదటిసారి చూశాను. ఆ రెండో రకం మీద నా మాట కాస్త నమ్మొచ్చు, వాటికి నా చిన్నతనం అంటుకుని లేదు కాబట్టి.

మొదటి ప్రశ్నకి సూటిగా జవాబు: పాత అడ్వెంచర్ గేముల్లో సగం ఇప్పుడు ఆడితే విసుగే. పాత పజిల్ గేముల్లో మాత్రం చాలావరకు ఈ రోజు తయారై వచ్చినంత తాజాగా ఉన్నాయి. ఈ తేడా బొమ్మల వల్ల వచ్చింది కాదు, కష్టం వల్ల అంతకన్నా కాదు. ఇరుక్కుపోయినప్పుడు బయటపడే ఆధారం గేమ్ లోపలే ఉందా, బయటెక్కడో ఉందా అన్నదే తేడా. నేను ఏ పాత గేమ్ తీసినా ముందు చూసేది అదే.

మీ జెల్డానే తీసుకుందాం. అందులో రెండు రకాలూ పక్కపక్కనే ఉన్నాయి.

ఏడో డంజన్‌కి దారి మీకు ఎలా దొరికింది? గైడ్‌లోనే అయ్యుంటుంది. అక్కడ మీరు నష్టపోయారు. గేమ్‌లో ఒక ముసలాయన ఒకే వాక్యం చెబుతాడు: ఫెయిరీలు ఉండని చోట రహస్యాలుంటాయి అని. అప్పటికి మీరు ఫెయిరీ ఉన్న చెరువులు చూసే ఉంటారు. గట్టు మీద నిలబడితే చుట్టూ గుండెలు తిరిగి ప్రాణం నిండుతుంది, మర్చిపోలేం. అలాంటిదే ఇంకో చెరువు ఉంది, అందులో ఎవరూ లేరు. మొదటిసారి చూసినప్పుడు "ఇక్కడేం లేదు" అనుకుని వెళ్లిపోతాం. ఆ ముసలాయన మాట విన్నాక మాత్రం ఆ ఖాళీ చెరువు బుర్రలో దొలుస్తూ ఉంటుంది. ఐదో డంజన్‌లో దొరికిన పిల్లనగ్రోవి మీ సంచిలోనే ఉంది. గట్టు మీద నిలబడి ఊదితే నీళ్లు ఇంకిపోయి అడుగున మెట్లు కనిపిస్తాయి. ముసలాయన మాట, ఖాళీ చెరువు, పిల్లనగ్రోవి మూడూ గేమ్‌లోనే ఉన్నాయి. కలపాల్సింది మీరు. ఇది పొడుపుకథ లాంటిది, విప్పేదాకా చిరాకు, విప్పాక "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది. ఆ "ఓస్, ఇంతేనా" కోసమే మేమంతా ఈ గేములు ఆడేది.

అదే గేమ్‌లో పొదలు కాల్చడం చూడండి. నీలం కొవ్వొత్తి ఒక తెర మీద ఒక్కసారే వెలుగుతుంది. తెర నిండా పొదలు. ఏ పొద కింద మెట్లున్నాయో చెప్పే గుర్తు చాలాచోట్ల లేదు. ఒకటి కాల్చాలి, పక్క తెరకి వెళ్లాలి, తిరిగొచ్చి రెండోది కాల్చాలి. డంజన్ల బయట తిరిగే పైలోకం మొత్తం 128 తెరలు. దీన్ని పజిల్ అనడానికి నాకు నోరు రాదు. గడ్డివాములో సూది వెతికించడమే ఇది.

కానీ ఆ రోజుల్లో దీన్ని ఎవరూ ఒంటరిగా వెతకలేదు. అమెరికాలో అమ్మిన జెల్డా పెట్టెలో మాన్యువల్‌తో పాటు మడతపెట్టిన మ్యాపూ ఉండేది. 1988 నుంచి నింటెండో పవర్ పత్రిక చిట్కాలు వేసేది. ఫోన్ చేస్తే చెప్పడానికి కంపెనీ మనుషుల్ని పెట్టింది. అన్నిటికంటే ముఖ్యం, బళ్లో పక్క బెంచీ వాడికి ఒక పొద తెలిస్తే ఇవతలి వాడికి ఇంకో పొద తెలిసేది. అంటే గేమ్‌లో ఒక భాగం కార్ట్రిడ్జ్ (కన్సోల్‌లో దూర్చే గేమ్ డబ్బా) బయట ఉండేది. మీ చేతికి కార్ట్రిడ్జ్‌లోని భాగమే వచ్చింది. పక్క బెంచీ వాడు రాలేదు. మీ విసుగు మీ తప్పు కాదని చెప్పడానికే ఇంత చెప్పాను.

ఇంకా విచిత్రమైనది ఒకటుంది. డంజన్లలో కుందేలు చెవుల్లాంటివి వేసుకుని గెంతుతూ వచ్చే పోల్స్ వాయిస్ అనే శత్రువు గుర్తుందా? వాటికి పెద్ద చప్పుడంటే పడదని మాన్యువల్‌లో రాశారు. ఆ మాట నమ్మి ఎంతమంది వాటి ముందు నిలబడి పిల్లనగ్రోవి ఊదారో! నేనూ ఊదాను. ఏమీ కాలేదు. అసలు సంగతేంటంటే, నింటెండో కన్సోల్ జపాన్ రూపమైన ఫామికామ్‌లో రెండో కంట్రోలర్‌కి మైక్రోఫోన్ ఉండేది. దాంట్లోకి అరిస్తే అవి చచ్చేవి. అదే కన్సోల్ ఎన్ఈఎస్ పేరుతో బయటి దేశాలకి వచ్చినప్పుడు కంట్రోలర్‌లో మైకు తీసేశారు, చిట్కా మాత్రం అలాగే ఉండిపోయింది. బాణం వేస్తే ఒక్క దెబ్బకి పోతాయి, అది వేరే విషయం. దీన్ని బుర్రతో ఛేదించాలని కూర్చుంటే కోపమే మిగులుతుంది.

ఇలాంటివి నా జాబితాలో ఇంకా ఉన్నాయి. 1990లో వచ్చిన స్టార్‌ట్రాపిక్స్ పెట్టెలో ఒక కాగితం ఉత్తరం ఉండేది. గేమ్ మధ్యలో ఆ ఉత్తరాన్ని నీళ్లలో ముంచమంటారు. గేమ్‌లోని ఉత్తరాన్ని కాదు, మీ బల్ల మీదున్న కాగితాన్ని. ముంచితే 747 అనే అంకె తేలుతుంది. అది కొట్టకపోతే జలాంతర్గామి కదలదు. ఆలోచన ఎంత ముచ్చటగా ఉందో చూడండి. కానీ సెకండ్ హ్యాండ్‌లో కార్ట్రిడ్జ్ ఒక్కటే కొన్న నాలాంటివాడికి ఆ ఉత్తరం ఎక్కడిది? నేను గేమ్‌లోని ప్రతి మనిషితో మూడేసి సార్లు మాట్లాడాను. రెండు సాయంత్రాలు పోయాయి.

ఇక క్యాసిల్‌వేనియా రెండో భాగం, సైమన్స్ క్వెస్ట్. ఒక కొండ అంచున దారి ఆగిపోతుంది. చేయాల్సింది ఏంటంటే, ఎర్ర స్ఫటికం పట్టుకుని ఆ కొండ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని కొన్ని క్షణాలు కదలకుండా ఉండాలి. సుడిగాలి వచ్చి ఎత్తుకెళ్తుంది. ఊళ్లో జనం ఇచ్చే సూచనల్లో కొన్ని మాయమాటలు, మిగతావాటిని ఇంగ్లీషు అనువాదం ఇంకా గందరగోళం చేసింది. కొండని తలతో గుద్దమనే అర్థం వచ్చే మాట కూడా ఒకటుంది. నేను నిజంగానే గుద్దాను. ఆ గేమ్‌లో సంగీతం అద్భుతం, పగలు రాత్రిగా మారే తీరు బాగుంటుంది, అయినా సరే గైడ్ పక్కన పెట్టుకోకుండా ఆడమని నేను ఎవరికీ చెప్పను.

అందుకని గైడ్ విషయంలో నా పద్ధతి ఇది. ముందు మాన్యువల్ మొత్తం చదువుతాను. పాత మాన్యువళ్ల స్కాన్‌లు తేలిగ్గానే దొరుకుతాయి, వాటిని చదవడం మోసం కాదు, అవి గేమ్‌లో భాగమే. తర్వాత ఒక నోటుబుక్కు. ఎవరైనా వింత మాట చెబితే ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను. మ్యాప్ చేత్తో గీస్తాను, వంకరటింకరగా వచ్చినా సరే. ఒకచోట అరగంట ఇరుక్కుంటే ఆపేసి వేరే పని చూసుకుంటాను. మర్నాడు కూడా కదలకపోతే, ఆ గేమ్ పూర్తి చేసినవాణ్ణి ఒక్క ప్రశ్న అడుగుతాను: "దీనికి ఆధారం గేమ్‌లో నేను ఇప్పటికే చూసిన చోట ఉందా?" అవును, కాదు, అంతే, ఇంకేమీ చెప్పొద్దంటాను. అవునంటే మళ్లీ నోటుబుక్కు తీస్తాను. కాదంటే నిస్సంకోచంగా గైడ్ తెరుస్తాను. అడగడానికి ఎవరూ లేకపోతే, జవాబులు మడత వెనకాల దాచి సూచనలు మాత్రం ముందు చూపే పేజీలు వెతుక్కోండి. మొత్తం నడక రాసిన గైడ్‌ని మాత్రం పక్కన తెరిచి పెట్టుకోవద్దు. కన్ను ఊరికే ఉండదు, ఒక లైను కోసం వెళ్లి నాలుగు లైన్లు చదువుతుంది.

ఇప్పుడు నా అసలు ప్రేమ దగ్గరికి వస్తాను. అడ్వెంచర్స్ ఆఫ్ లోలో, 1989, హెచ్ఏఎల్ లాబొరేటరీ అనే జపాన్ గేమ్ కంపెనీ చేసింది. నీలం బంతి లాంటి హీరో, ఒక్కొక్కటి ఒక్క తెరలో ఇమిడే 50 గదులు. ఇందులో ఆధారం గది బయట ఎక్కడా లేదు. గదిలోకి అడుగుపెట్టిన క్షణంలోనే సర్వం కనిపిస్తూ ఉంటుంది. గుండె గుర్తులన్నీ ఏరితే పెట్టె తెరుచుకుంటుంది, అందులో మణి తీసుకుంటే శత్రువులు మాయమై తలుపు తెరుచుకుంటుంది. నియమాలు ఇంతే.

కానీ ఆ శత్రువులు ఉన్నారే! మెడూసా కదలదు, ఆమె చూపుకి సూటిగా పడ్డారా, అక్కడే అయిపోయారు. మధ్యలో పచ్చ దిమ్మ తోసి అడ్డం పెట్టాలి. లీపర్ అనే ఆకుపచ్చ జీవి మీ వెంట పడుతుంది, కానీ మిమ్మల్ని తాకగానే ఉన్నచోటే నిద్రపోతుంది, ఇక లేవదు. మొదట్లో అది తాకితే చస్తామని పారిపోతాం. కాసేపటికి తెలుస్తుంది, నిద్రపోయిన లీపర్ కూడా ఒక గోడే. దిమ్మ దొరకని చోట, మెడూసా చూపుకి అడ్డంగా లీపర్‌ని తీసుకెళ్లి పడుకోబెట్టొచ్చు! శత్రువే పనిముట్టు అయిందని తెలిసిన ఆ నిమిషం నాకు ఇప్పటికీ గుర్తు.

ఆ ఉత్సాహంలో తర్వాతి గదిలోనే దెబ్బ తిన్నాను. లీపర్‌ని ఎంచక్కా మెడూసా ముందుకి లాక్కెళ్లి పడుకోబెట్టాను, గుండెలన్నీ ఏరాను, పెట్టె తెరుచుకుంది. చూస్తే పెట్టె దగ్గరికి వెళ్లే ఒకే ఒక్క సందులో వాడు గుర్రుపెడుతున్నాడు. శత్రువుల్ని గుడ్డుగా మార్చే తూటాలు అప్పటికే ఖర్చు చేసేశాను. చేసేదేం లేదు, సెలెక్ట్ నొక్కి ప్రాణం వదిలేసి మళ్లీ మొదలుపెట్టడమే. కోపం రాలేదు. తప్పెవరిదో తెలుసు కాబట్టి రాలేదు. ఇదే పని సైమన్స్ క్వెస్ట్ చేసి ఉంటే కంట్రోలర్ విసిరేవాణ్ణి.

ఇంకో మెలిక: చివరి గుండె తీసిన వెంటనే అప్పటిదాకా రాయిలా కూర్చున్న గోల్ అనే శత్రువు నిప్పులు కక్కడం మొదలుపెడుతుంది, పుర్రెలు లేచి తిరుగుతాయి. కాబట్టి ఏ గుండెని ఆఖరున తీయాలి, తీసేటప్పుడు ఎక్కడ నిలబడి ఉండాలి అన్నది ముందే లెక్కేసుకోవాలి. ఒక గది నన్ను నాలుగు రోజులు మూడు చెరువుల నీళ్లు తాగించింది. చివరికి కన్సోల్ ముందు కాదు, మంచం మీద పడుకుని పైకప్పు చూస్తుంటే తట్టింది. తెర మొత్తం బుర్రలో ఇమిడిపోతుంది కాబట్టే అలా కుదురుతుంది.

లోలోలో లోపాలు లేవని కాదు. చివరి గదుల్లో కొన్ని బుర్రకి కాక వేలికి పరీక్ష పెడతాయి. గుడ్డుని నీళ్లలోకి తోసి, అది మునిగేలోపు దాని మీదెక్కి అవతలికి చేరాలి. ఏం చేయాలో తెలిసినా పదిసార్లు తప్పుతాం. అక్కడ సేవ్ స్టేట్ వాడాను, అంటే ఆటని ఆ క్షణంలో భద్రపరిచి తప్పినప్పుడల్లా అక్కడి నుంచే మొదలుపెట్టాను, దాచుకోవాల్సిన పనేం లేదు.

సేవ్ స్టేట్, రివైండ్ గురించి కొందరు పెద్ద గొడవ చేస్తారు. అలా ఆడితే అసలు ఆడినట్టే కాదంటారు. వాళ్లకి క్యాట్రాప్ చూపించాలి. 1990లో గేమ్ బాయ్ అనే చేతిలో పట్టే నింటెండో కన్సోల్ మీద వచ్చిన పజిల్ గేమ్. అందులో వేసిన అడుగులు వెనక్కి తిప్పుకునే సదుపాయం గేమ్‌లోనే ఉంది. దాన్ని చేసినవాళ్లకి అప్పుడే తెలుసు: దిమ్మలు తోసే ఆటలో ఒక్క తప్పుకి ఐదు నిమిషాల పని మళ్లీ చేయించడం వల్ల ఆటగాడి తెలివేం పెరగదని. నా హద్దు ఏంటంటే, జవాబు తెలిశాక చెయ్యి తడబడితే రివైండ్ వాడతాను. జవాబు తెలియనప్పుడు ప్రతి దారీ తొక్కి చూడటానికి వాడను. రెండోది మొదలుపెట్టానా, పది నిమిషాల్లో పజిల్ కాస్తా లాటరీ అయిపోతుంది, నాకే ఆసక్తి పోతుంది.

దిమ్మలు తోసే ఈ వంశానికంతా మూలం సోకోబాన్. హిరోయుకి ఇమబయషి రూపొందించగా 1982లో జపాన్ కంప్యూటర్ల మీదకి వచ్చింది. దిమ్మని తోయగలం, లాగలేం. ఈ ఒక్క నియమంలోంచి నలభై ఏళ్ల పజిళ్లు పుట్టాయి. అయినా సోకోబాన్‌నే నేరుగా ఆడమని మీకు చెప్పను. నాకది లెక్కల పరీక్షలా అనిపిస్తుంది.

మీకు నచ్చుతుందని నేను పందెం కాసేది 1994 గేమ్ బాయ్ డాంకీ కాంగ్. మొదట 1981 నాటి ఆర్కేడ్ ఆటలోని నాలుగు తెరలే వస్తాయి. అవి అయిపోయాక ఆట అయిపోయిందనుకుంటాం. అప్పుడు అసలుది మొదలవుతుంది, ఇంకా 97 లెవెళ్లు. తాళంచెవి నెత్తిన పెట్టుకుని తలుపు దాకా మోసుకెళ్లాలి. ప్రతి లెవెల్ ఒకటి రెండు నిమిషాల్లో తేలిపోతుంది, ప్రతి కొన్ని లెవెళ్లకీ ఒక కొత్త పరికరం. ఇరుక్కుపోవడం అంటూ ఉండదు, చురుకు మాత్రం తగ్గదు. పాత గేముల మీద నమ్మకం పోయినవాళ్లకి నేను ముందు ఇచ్చే మందు ఇదే.

టెట్రిస్ గురించి కొత్తగా చెప్పేదేముంది అనుకుంటారు, కానీ ఒక హెచ్చరిక ఉంది. మీరు ఫోన్‌లో ఆడిన టెట్రిస్ వేరు, 1989 ఎన్ఈఎస్ టెట్రిస్ వేరు. కొత్తవాటిలో ఏడు ముక్కల్నీ ఒక సంచిలో వేసి కలిపినట్టు ఇస్తారు, కాబట్టి పొడుగు కడ్డీ ఎంతో కాలం ఆలస్యం కాదు. పాతదాంట్లో ఆ దయ లేదు. కిందటి ముక్కే మళ్లీ పడబోతే ఒక్కసారి మార్చి చూస్తుంది, అంతకు మించి హామీ లేదు. ముక్కని పక్కన దాచుకునే వీలు లేదు, ఠక్కున కింద పడేసే బటన్ లేదు. ఎడమ పక్క ఒక గొయ్యి వదిలి కడ్డీ కోసం ఎదురుచూస్తుంటే ముప్పై ముక్కలైనా రాని రోజులుంటాయి. నాకు అదే ఇష్టం. రాదనుకుని కట్టడం నేర్పుతుంది. 29వ లెవెల్ దాటితే మనిషి వల్ల కాదని ఏళ్ల తరబడి అనుకున్నాం. 2023 డిసెంబర్‌లో విల్లిస్ గిబ్సన్ అనే పదమూడేళ్ల కుర్రాడు 157వ లెవెల్ దాకా వెళ్లి గేమ్‌నే స్తంభింపజేశాడు. మనకి అంత అక్కర్లేదు, పదో లెవెల్‌కే నాకు టెన్షన్ మొదలవుతుంది.

మారియోస్ పిక్రాస్ కూడా బాగుంటుంది, అంకెలు చూసి గళ్లు చెక్కితే బొమ్మ వస్తుంది. ఒక్కటే ఫిర్యాదు: తప్పు గడి చెక్కగానే అరగంట గడియారంలోంచి రెండు నిమిషాలు కోస్తుంది, తర్వాతి తప్పుకి నాలుగు, ఆ తర్వాత ఎనిమిది. శిక్ష సంగతి సరే, అది తప్పని చెప్పేయడమే నాకు నచ్చదు. నా తప్పు నేనే కనుక్కోవాలి కదా.

ఇక మాటలు చదువుతూ ఆడే అడ్వెంచర్లలో షాడోగేట్. మొదట 1987లో మ్యాకింటాష్ మీద, 1989లో ఎన్ఈఎస్ మీద వచ్చింది. కోట గుమ్మం పైన ఒక పుర్రె. "ఓపెన్" ఎంచుకుని పుర్రె మీద నొక్కితే లోపల తాళంచెవి. బాగుంది కదా, తెలివైన గేమ్ అనుకుంటాం. కాస్త లోపలికెళ్తే పీఠం మీద ఒక పుస్తకం. తీసుకుందామని చెయ్యి వేశారా, కింద నేల తెరుచుకుంటుంది, చచ్చిపోతారు. తెరిచి చూస్తే మాత్రం లోపల ఇంకో తాళంచెవి. అంటే "తీయడం" వేరు, "తెరవడం" వేరు. ఇలా అడుగడుగునా చావే, ప్రతి చావుకీ ఒక వర్ణన. మొదట కోపమొచ్చింది, తర్వాత అర్థమైంది, ఇందులో చావడం కూడా చూడాల్సిన దృశ్యమే. చచ్చినా మళ్లీ అక్కడికి కాస్త ముందే లేపుతుంది, పెద్దగా నష్టం లేదు.

నష్టమంతా కాగడాలతో వస్తుంది. వెలుగు తగ్గేకొద్దీ సంగీతం మారిపోతుంది, గుండె దడ. ఉన్న కాగడాలు అయిపోతే చీకట్లో తట్టుకుని పడి మెడ విరుగుతుంది, ఇక కథ ముగిసినట్టే. గదుల్లో ఊరికే తిరిగి తిరిగి కాగడాలు తగలేసిన నా మొదటి ఆట అలాగే పోయింది. అయినా ఈ గేమ్‌ని క్షమించేశాను, ఒక్క సరస్సు కోసం. నీళ్లలో సొరచేప, అడుగున అస్థిపంజరం చేతిలో తాళంచెవి. దొరికిన గోళాన్ని నీటి మీద వాడితే సరస్సు గడ్డకడుతుంది. తాళంచెవి తీసుకున్నాను, హాయిగా బయటికి నడిచాను. చాలాసేపటికి నిప్పుల జీవి ఎదురైనప్పుడు గుర్తొచ్చింది, గోళం మంచులోనే ఉండిపోయింది. వెనక్కెళ్లి కాగడాతో కరిగించి తెచ్చుకున్నాను. చెప్పినవాళ్లు లేరు, అయినా తట్టింది. కాకపోతే డీ-ప్యాడ్‌తో (కంట్రోలర్ మీది దిక్కుల బటన్లతో) ఆ చూపుడు గుర్తుని తెర మీద లాగుతూ తిరగడం మాత్రం నరకం.

ఈ చేతి బాధ పాత గేములన్నిటికీ ఉన్న జబ్బు, దీన్ని కష్టం అనుకోకండి. గేమ్ బాయ్ మీద 1993లో వచ్చిన జెల్డా, లింక్స్ అవేకెనింగ్ నాకెంతో ఇష్టమైన గేమ్. దానికి ఉన్నవి రెండే బటన్లు. కత్తి, డాలు, ఈక, చేతి కడియం, ప్రతిదాన్నీ ఆ రెండింట్లోనే మార్చుకుంటూ ఉండాలి. పైగా కడియం పెట్టుకోకుండా కుండకి పొరపాటున తగిలితే చాలు, ఇది బరువుగా ఉంది, ఎత్తలేవు అని తెర మీద ఒక వాక్యం వచ్చి పడుతుంది. ప్రతి కుండకీ, ప్రతిసారీ. ఆట చివరికొచ్చేసరికి ఆ వాక్యం మీకు కలలోకి వస్తుంది. కానీ అదే గేమ్‌లో ఈగిల్స్ టవర్ ఉంది. ఇనప గుండు మోసుకుంటూ నాలుగు స్తంభాలు పగలగొడితే పై అంతస్తు అమాంతం కింది అంతస్తు మీద కూలుతుంది. గదులు కావు, మొత్తం భవనమే పజిల్. అరచేతిలో పట్టే తెలుపు నలుపు తెర మీద అంత పెద్ద ఆలోచన!

1998 నాటి ఇంకో జెల్డా, ఆకారినా ఆఫ్ టైమ్‌లో నీటి గుడి అనే డంజన్ సంగతి వినే ఉంటారు. దాన్ని తిట్టని వాడు లేడు, చేసిన ఎయిజి ఔనుమా కూడా తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. నా అభిప్రాయం వేరు. గుడి మంచిదే, బూట్లే చెడ్డవి. మునగాలంటే ఇనప బూట్లు, తేలాలంటే మామూలు బూట్లు. మార్చిన ప్రతిసారీ ఆట ఆపి, పేజీ తిప్పి, ఎంచుకుని, మళ్లీ వెనక్కి రావాలి. గుడి మొత్తం మీద ఎన్నిసార్లు మార్చానో లెక్కే లేదు. 2011లో నింటెండో 3డీఎస్ అనే చేతి కన్సోల్ మీద వచ్చిన రూపంలో బూట్లని బటన్‌కి తగిలించుకునే వీలిచ్చారు, అలా ఆడితే అదే గుడి సగం తేలికవుతుంది.

అందులో అందరూ వదిలేసే తాళంచెవి ఒకటుంది. మధ్య గోపురంలో నీటి మట్టాన్ని ఒక మెట్టు పెంచగానే కింద ఉన్న దిమ్మ నీటితో పాటు పైకి తేలుతుంది. మన చూపు పైనే ఉంటుంది, పైకి వెళ్లడానికే కదా నీళ్లు పెంచింది. ఆ దిమ్మ ఇంతకుముందు కూర్చున్న చోట గొయ్యి ఉంది, అందులోకి దిగాలి. నేను మూడు గంటలు గుడి నలుమూలలా తిరిగాను, తల ప్రాణం తోకకొచ్చింది. గొయ్యి కనిపించాక మాత్రం గేమ్ మీద చిన్న మాట కూడా అనలేకపోయాను. కళ్ల ముందే జరిగింది, నేనే చూడలేదు.

సెగా కంపెనీ కన్సోల్ మెగా డ్రైవ్‌లో 1992 నాటి ల్యాండ్‌స్టాకర్ మీద మీకు మోజు కలిగితే ఒక మాట. కథ సరదాగా ఉంటుంది, డంజన్లలో పజిళ్లు బాగున్నాయి. కానీ అంతా ఐమూలగా చూపిస్తారు, గాల్లో ఉన్న పలక ఎంత ఎత్తున ఉందో, ఎంత దూరంలో ఉందో కంటికి తెలియదు. దూకాలి, పడాలి, మళ్లీ ఎక్కాలి. సగంలో వదిలేశాను, సిగ్గేం పడలేదు.

యంత్రం గురించి రెండు మాటలు. ఇప్పటి టీవీల్లో బటన్ నొక్కడానికీ తెర మీద కదలడానికీ మధ్య కొంచెం ఆలస్యం ఉంటుంది. టీవీలో గేమ్ మోడ్ పెట్టుకోండి. టెట్రిస్‌కి ఇది ప్రాణం, లోలోకి, షాడోగేట్‌కి అసలు పట్టింపే లేదు. పాత బరువైన టీవీ వెతుక్కోవాలని ఎవరైనా అంటే పజిల్ గేముల కోసం మాత్రం ఆ తిప్పలు పడకండి. అసలు కార్ట్రిడ్జ్‌లు కొనాలనుకుంటే, చాలావాటిలో సేవ్ నిలబెట్టేది లోపలున్న చిన్న బ్యాటరీ. అది అయిపోతే ఆట పోతుంది. నేను కొన్న ఒకదాంట్లో పాత యజమాని ఎవరో పిల్లవాడు పేరు పెట్టుకుని సగం దాకా ఆడిన సేవ్ ఉంది. చెరపడానికి మనసొప్పక రెండో గడిలో నా ఆట మొదలుపెట్టాను. కొన్నాళ్లకి బ్యాటరీ చచ్చి ఇద్దరివీ పోయాయి. ఆ, కార్ట్రిడ్జ్‌లోకి నోటితో ఊదకండి, తడికి లోపలి రేకులు తుప్పు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది చాలు.

నటిస్తున్నానా అని అడిగారు కదా. దానికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. కన్సోల్ కట్టేసి వేరే పనిలో ఉన్నప్పుడు ఆ గేమ్‌లో ఇరుక్కున్న చోటు దానంతటదే గుర్తొస్తోందా? వస్తే మీకు నచ్చుతున్నట్టే, ఆడేటప్పుడు ఎంత తిట్టుకున్నా సరే. రాకపోతే అది ఎంత గొప్ప గేమ్ అయినా మీది కాదు, వదిలేయండి. మీరు ఇంత పొడుగు ప్రశ్న రాశారంటే ఆ గొణిగేవాడు మీ బుర్రలోంచి కదలట్లేదన్నమాట.

కాబట్టి జెల్డా వదలొద్దు. పక్కన డాంకీ కాంగ్ పెట్టుకోండి, చిరాకు పుట్టినప్పుడు రెండు లెవెళ్లు ఆడొచ్చు. అది అయ్యాక లోలో. ఆ పైన లింక్స్ అవేకెనింగ్. షాడోగేట్‌ని ఎవరైనా పక్కన కూర్చునేవాళ్లు ఉన్నప్పుడు ఆడండి, చావులు ఒంటరిగా చూడటం వేస్టు.

ఆ గొణిగేవాడి విషయంలో గైడ్ తెరవకండి. ఆధారం గేమ్‌లోనే ఉంది, మీరు ఇప్పటికే చూసిన చోటే. వాడికి మీ మీద కోపమేం లేదు, మీతో యుద్ధానికి రాలేదు. ఒకసారి బయటికొచ్చి, ఇన్నాళ్లూ "ఇది నాకెందుకు" అనుకుని కొనకుండా వదిలేసిన సరుకులేంటో దుకాణాల్లో చూడండి. వాడు గొణుగుతున్నాడు సరే, ఆ చప్పుడు నోట్లోంచే వస్తోందని ఎందుకనుకున్నారు?